నెమ్మది మందు

"ఫేను కట్టీమని ఎన్నిసార్లు సెప్పాలే నీకు? నీ బాబు పెదాలు నీలమెక్కిపోతన్నాయి, కళ్ళు లేవేటి?"

"నాన్న పెదాలు ఏడాది నించీ నీలంగానే ఉన్నాయి నానమ్మా. నాకు రేపు పరీక్ష. చెమట కారి రాసిన లెక్కలు చెరిగిపోతున్నాయి."

"సెరిగిపోతే మళ్ళీ రాసుకో. మడిసి పోతే మళ్ళీ వొస్తాడేటి?"

ఆ తగువు మొదలై గంట దాటింది. గున్నమ్మ లేచి స్విచ్చి కట్టడం, రోహిణి లేచి వెయ్యడం. ఇద్దరూ ఇప్పటికి నాలుగేసి సార్లు లేచారు. వంటగదిలో చేపలు శుభ్రం చేస్తున్న పైడితల్లికి చూడక్కర్లేకుండానే, ఫ్యాను కిర్రుమనే చప్పుడు ఆగడాన్ని బట్టీ సాగడాన్ని బట్టీ ఎవరిది పైచేయో తెలుస్తూనే ఉంది. పోర్ట్‌బ్లెయిర్‌లో ఆ నెల వాన పడకపోతే ఉక్క, పడితే మరింత ఉక్క. రేకుల ఇల్లు. లోపల కూర్చుంటే ఉడుకుతున్న కుండలో కూర్చున్నట్టే.

ఎల్లాజీ మాత్రం గోడవార కుర్చీలో రెండు రగ్గులు కప్పుకుని కూర్చున్నాడు. ముందు పెట్టిన టీ ఎప్పుడో చల్లారింది. గ్లాసు వైపు చెయ్యి బయల్దేరింది గానీ ఇంకా చేరలేదు.

ఆరోసారో ఏడోసారో ఫ్యాను ఆగి, రోహిణి పుస్తకం విసిరికొట్టి వీధి అరుగు మీదకి పోయి, గున్నమ్మ గెలిచిన నిట్టూర్పు విడిచి పడుకున్నాక ఎల్లాజీ నోరు విప్పాడు.

"ఏ... సుకో... నీ... దాన్ని."

వేసుకోనీ దాన్ని. ఆయన మాట ఎప్పుడూ అంతే, తగువు ముగిసిపోయాక వస్తుంది.

పైడితల్లి చేతులు కడుక్కుని వచ్చి, గ్లాసు తీసి ఆయన చేతికి అందించింది. ఆ చేతి చల్లదనానికి ఏడాదైనా ఆమె అలవాటు పడలేదు. ఐసు పెట్టెలోంచి తీసిన చేపలా ఉంటుంది.

"ఆ కాయితం మీద సంతకం పెడితే ఈ గోలంతా ఉండదు కదా మావా," అంది. నెలకి పదిసార్లు అనే మాటే. జవాబు కోసం నిలబడలేదు. పొయ్యి మీద చింతపులుసు మరుగుతోంది, జవాబు వచ్చేసరికి అడుగంటుతుంది.

*

ఆరుగంటల సముద్రప్రయాణం అవతల ఒక దీవి ఉంది. మ్యాపులో దానికి వేరే పేరుంది గానీ తెలుగు జాలర్లందరూ పొగదిబ్బ అంటారు. కొండ నెత్తిమీద ఎప్పుడూ సన్నగా పొగ. దాన్ని కనిపెట్టుకుని ఉండే పరిశోధన కేంద్రంలో ఎల్లాజీ పడవ నడిపేవాడు. అంతకుముందు చేపల పడవకి తండేలు, అంటే పడవకి పెద్ద.

కిందటేడు ఆషాఢంలో, ఎండ కాస్తున్న ఒక పొద్దుటిపూట, ఏ సూచనా లేకుండా కొండ పగిలింది. ఒడ్డున కట్టిన పడవ కాలిపోయింది. దీవిలో ఉన్న ఆరుగురూ కొండవాలులో పాతిన ఇనపగదిలోకి దూరి తలుపు బిగించుకున్నారు. ఆ గదిలో గాలి ఆరుగురికి ఒకటిన్నర రోజు సరిపోతుంది. బూడిద వాన ఆగి ఓడ దగ్గరికి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది.

అయినా ఐదుగురు బతికారంటే నెమ్మది మందు వల్ల. అది ఒంట్లోకి ఎక్కితే మనిషి ఆరు ఊపిర్ల చోట ఒక్క ఊపిరితో సరిపెట్టుకుంటాడు. గుండె నిమిషానికి పది సార్లు కొట్టుకుంటుంది. ఆకలి ఉండదు, తెలివి ఉండదు. ఇనపగదిలో ఆ మందు పెట్టింది డాక్టర్ ఇందుమతి. ఆ మందు ఎలకల మీద పనిచేసింది, తాబేళ్ల మీద పనిచేసింది. మనుషుల మీద మొదటిసారి పనిచేసింది ఆ తొమ్మిది రోజులే. లేపాక మనుషులు పూర్తిగా లేవరని అప్పటిదాకా ఎవరికీ తెలీదు.

ఆరో మనిషి పేరు చైత్ర. రాళ్ల చదువు చదువుకుని, విజయనగరం నుంచి వచ్చి ఉద్యోగంలో చేరి అప్పటికి రెండు నెలలు. పాతికేళ్లుంటాయి, గాలి వేస్తే ఎగిరిపోయేంత బక్కపిల్ల. కేంద్రం వాళ్ల నివేదికలో "ఆమె శరీరం మందును స్వీకరించలేదు" అని రాశారు. అందరికీ మందు ఎక్కించి కాపాడాడని ఎల్లాజీకి శాలువా కప్పారు.

చైత్ర తల్లి అన్నపూర్ణ నెలకోసారి ఫోన్ చేస్తుంది. చివరిసారి తన కూతుర్ని చూసిన మనిషని ఎల్లాజీ క్షేమం కనుక్కుంటుంది. పోయిన నెల ఫోను పెట్టేసే ముందు, "ఏడో నెలలో పుట్టిందండీ మా పిల్ల. నాకు పాలు చాల్లేదు. ఆ బలం లేకే మందు పట్టలేదేమో అనిపిస్తుంది," అంది. పైడితల్లి ఏదో సర్దిచెప్పి, స్పీకర్లో వింటున్న ఎల్లాజీ వైపు చూసింది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. తెరవడానికి ఆ సాయంత్రమంతా పట్టింది.

*

ప్రతి సోమవారం కేంద్రంలో పరీక్ష. పైడితల్లి ఆయన్ని ఆటోలో తీసుకెళ్లి, తిరిగి తీసుకొస్తుంది. మాట, చూపు, నాడి అన్నీ కొలుస్తారు. ఆయన అన్నది వాళ్లకి అర్థమయ్యేలా చెప్పే పని పైడితల్లిది. జీతం లేని ఉద్యోగం.

"వేడి వైద్యం సిద్ధంగా ఉంది పైడితల్లీ. మిగతా నలుగురికీ చేశాం, నలుగురూ మామూలు మనుషులయ్యారు," అంది ఇందుమతి. ఆవిడ కళ్ళకింద నల్లటి గుంతలు. ఈ ఏడాదిలో ఆవిడా సరిగా నిద్రపోయినట్టు లేదు. "వద్దంటున్నది మీ ఆయనొక్కడే. ఎందుకో చెప్పడు."

"మర్చిపోతారనేమో మేడమ్."

"అవును, అది తప్పదు. మందు ఎక్కిన రోజు మొదలుకుని ఇప్పటిదాకా ఉన్నదంతా పోతుంది. నెమ్మదిగా ఉన్న మెదడు దాచుకున్నది వేడెక్కిన మెదడుకి అందదు. కానీ ఆ తొమ్మిది రోజులూ ఈ ఏడాదీ పోతే ఏం నష్టం చెప్పు? నాకైతే వరం."

పైడితల్లికీ అలాగే అనిపించేది. బయట వరండాలో అప్పలస్వామి టీలు అందిస్తున్నాడు. దీవిలో వంట చేసిన మనిషి, అరవై దాటాయి. రెండో నెలలోనే వైద్యం చేయించుకున్నాడు. బుగ్గలు నిండాయి, కబుర్లకి అంతు లేదు.

"ఏటి తండేలూ, ఇంకా ముసుగు తియ్యలేదా? పెళ్ళికూతురు సిగ్గేటి నీకు!" అని ఎల్లాజీ భుజం చరిచాడు. తర్వాత పైడితల్లి వైపు తిరిగి, ప్రతి సోమవారం అడిగేదే అడిగాడు. "సైత్రమ్మ ఇంకా సెలవులోనే ఉందా? మంచి పిల్ల. పులుసన్నం అంటే పేణం పెట్టీది."

చనిపోయిందని ఆయనకి ఇరవైసార్లు చెప్పి ఉంటారు. ఇందుమతి చెబుతుంది, ఆయన ఏడుస్తాడు, పైవారానికి మళ్లీ అడుగుతాడు. తిన్నదీ చూసిందీ బాగానే గుర్తుంటుంది గానీ, మర్చిపోయిన ఆ రోజుల గురించి ఇతరులు ఏం చెప్పినా ఆయనలో నిలవదు. మిగిలిన ముగ్గురికి నిలిచింది. ఈయన వయసు వల్ల అంటుంది ఇందుమతి.

ఎల్లాజీ ముఖం అప్పలస్వామి వైపు తిరగడం మొదలుపెట్టింది. తిరిగేసరికి అప్పలస్వామి టీ గ్లాసులు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

*

బుధవారం పొద్దున్న పదిగంటలకి గిన్నెల అలమారా గలగలమంది. ఎవరో నెట్టారనుకుంది పైడితల్లి. రేకులు కూడా గలగలమన్నాయి. గున్నమ్మ పడుకున్నచోటు నుంచే, "దిబ్బ లేసింది," అంది.

పావుగంటలో కేంద్రం జీపు వచ్చింది. ఇంజను చెడి దీవి చాటున లంగరు వేసుకున్న చేపల పడవలోంచి ఐదుగురు ఇనపగదిలోకి దూరారట. వైర్‌లెస్‌లో మాట వినబడింది. ఈసారి గదిలో మందు లేదు. పోయినేడు వాడేశాక మళ్లీ పెట్టలేదు, మనుషులు పూర్తిగా లేవరని తెలిశాక ఎలా పెడతారు? బూడిదలో హెలికాప్టరు ఎగరదు. ఒడ్డు నుంచి గదికి అరగంట నడక, తిరిగి రావడానికి అరగంట. గాలి సిలిండరు ముప్పావుగంట వస్తుంది. ఉన్నవి ఆరు, అందులో ఐదు లోపలివాళ్లకి. మామూలు మనిషి వెళ్లగలడు, రాలేడు. ఎల్లాజీకి సిలిండరు అక్కర్లేదు. ఆ గంధకపు పొగలో కూడా గంటకి సరిపడా ఊపిరి ఆయన ఒక్క గుక్కలో పట్టుకెళ్తాడు. ఇదివరకు రెండుసార్లు, దిబ్బ చిన్నగా దగ్గినప్పుడు, ఆయన వెళ్లి మనుషుల్ని తెచ్చాడు. తెచ్చిన ప్రతిసారీ ఇంకొంచెం నెమ్మదయ్యాడు.

"ఈసారి పంపను," అంది పైడితల్లి జీపులోని వాళ్లతో. "వేరే ఎవరూ లేరా లోకంలో?"

లేరని వాళ్లకీ తెలుసు, ఆమెకీ తెలుసు. మిగతా నలుగురూ వేడెక్కిపోయారు.

వెనక రగ్గులు జారిన చప్పుడైంది. ఎల్లాజీ లేచి నిలబడ్డాడు. పట్టుదల పడితే గంటసేపు పాత ఎల్లాజీలా కదలగలడు. ఆ గంటకి తర్వాత వారాల తరబడి బాకీ తీర్చుకుంటుంది ఒళ్లు.

మూతికి గుడ్డ చుట్టుకుని పైడితల్లి కూడా ఎక్కింది. పొగలోకి వెళ్లేటప్పుడు ఆయన నడుముకి కట్టే తాడు కొస ఎప్పుడూ ఆమె చేతిలోనే. ఒక లాగు అయితే బాగున్నాను, రెండైతే వెనక్కి లాగు. ఇంకెవరి చేతికిచ్చినా ఆయన లాగుకీ లాగుకీ మధ్య ఉండే ఆలస్యం తెలీక కంగారుపడతారు.

మూడుగంటల్లో చేర్చింది నేవీ పడవ. మధ్యాహ్నం ఒంటిగంటకి దీపాలు వెయ్యాల్సి వచ్చింది. ఆకాశం లేదు. నీళ్ళ మీద బూడిద పెరుగు మీగడలా పేరుకుంది. కొండ కనబడలేదు గానీ లోపల ఎవరో పెద్ద పెద్ద బండలు ఈడుస్తున్న చప్పుడు. ఎల్లాజీ ఐదు సిలిండర్లు కట్టిన రేకుబండి లాక్కుంటూ నల్లటి మసకలోకి నడిచిపోయాడు. తాడు పైడితల్లి అరచేతుల్లోంచి జరజరా సాగి, సాగి, ఆగింది.

ఒక లాగు. చాలాసేపటికి ఇంకొకటి. పక్కనున్న నేవీ మనిషి హిందీలో ఏదో అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అడిగే ఓపిక అతనికున్నా చెప్పే ఓపిక ఆమెకి లేదు. భయం కూడా పెద్దగా లేదు. మోకాళ్ల నొప్పి, ఆకలి, ఇంటి దగ్గర గున్నమ్మ మందులు వేసుకుందో లేదో అన్న ఆలోచన. భయానికి కూడా కాస్త విశ్రాంతి ఉన్నవాళ్లే పనికొస్తారనుకుంది.

గంటా పది నిమిషాలకి మసకలో ఆకారాలు కనబడ్డాయి. ఐదుగురూ తాడు పట్టుకుని వస్తున్నారు. పడవ ఎక్కించే దగ్గర తగువు. వెనక కొండ మీంచి నిప్పురాళ్లు పడుతున్నాయి, అయినా తగువే.

"పెద్దోడు గవరయ్యని ముందెక్కించండ్రా! ఆగు తండేలూ, పెద్దోడు ముందు!" అంటున్నారు వాళ్లు.

ఎల్లాజీ వినలేదు. అందరికంటే బక్కపల్చగా ఉన్నవాణ్ణి రెండు చేతులా ఎత్తి పడవలో వేశాడు. పెద్దాయన ముందుకి రాబోతే జబ్బ పట్టుకుని ఆపాడు. అంత బలంగా ఆయన ఎవరినీ పట్టుకోగా ఏడాదిలో చూడలేదు పైడితల్లి. బక్కవాళ్లు ముందు, బలిసినవాళ్లు తర్వాత. చివర తను.

ఎక్కగానే అక్కడే కూలబడి నిద్రపోయాడు.

*

తొమ్మిదోరోజు లేచాడు. నాడి నిమిషానికి ఏడు. ఇందుమతి పైడితల్లిని వరండాలోకి పిలిచింది.

"పదిహేను రోజుల్లో వేడి వైద్యం మొదలుపెట్టాలి. ఆ తర్వాత వేడి అందదు. ఇంకా కిందకి పోతాడు. పడుకుంటే నెలలు, తర్వాత..." ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఆ మందు కనిపెట్టినందుకు నాకు అవార్డు ఇస్తామంటున్నారు తెలుసా. నువ్వైనా ఒప్పించు."

అప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట. పైడితల్లి లోపలికి వెళ్లి మంచం పక్కన స్టూలు లాక్కుంది.

"సంతకం పెట్టు మావా. ఇంక నావల్ల కాదు. నేను అలిసిపోయాను."

ఈసారి లేచి వెళ్లలేదు. జవాబు కోసం కూర్చుంది. అది పూర్తయ్యేసరికి కిటికీలోంచి పడే ఎండ మంచం కాళ్ల దగ్గర నుంచి ఎదుటి గోడ మీదకి పాకి, అక్కణ్ణించి కూడా పోయింది.

ఆ రోజు ఇనపగదిలో మందు ఎక్కించే పంపు ఒకటే ఉంది. మనిషికి ఇరవై నిమిషాలు. మందు కొవ్వులోకి ఇంకి పనిచేస్తుంది, అందుకే బక్కవాళ్లకి అది పట్టడానికి మూడు గంటలు, లావువాళ్లకి అరగంట. బక్కవాళ్లు ముందు అని గోడమీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. నెలనెలా శిక్షణలో ఆ మాట చదివి వినిపించేది ఎల్లాజీయే. కానీ ఆ రోజు బయట కొండ విరిగిపడుతుంటే, చేతికి పంపు వస్తే, చెయ్యి చదువుకున్నది మర్చిపోయి అలవాటైనదే చేసింది. నడిసముద్రంలో మంచినీళ్ల కుండ మూత తీస్తే పడవలో వయసు వరస. పెద్దవాడికి మొదట, ఆఖరికి కొత్తగా ఎక్కినవాడికి. నలభై ఏళ్లు అలాగే పంచాడు. అప్పలస్వామికి మొదట. తర్వాత ఇంజనీరు. తర్వాత మిగతా ఇద్దరు. పంపు శుభ్రం చేసి అందించింది చైత్రే. "పెద్దవాళ్లకి కానీ బాబాయ్," అంది కూడా. ఆమె వంతు వచ్చేసరికి గంటన్నర దాటింది. గదిలో గాలి బరువెక్కింది. పగిలిన సందులోంచి పొగ సన్నగా దిగుతోంది.

ఆమెకి ఎక్కించి, తనకి ఎక్కించుకున్నాడు. తనకి అరగంటలో పట్టేసింది. ఆమెకి పట్టాలంటే ఇంకా రెండు గంటలకి పైనే కావాలి, అంతసేపు ఆ పొగ ఆగలేదు.

"పక్కనే... కూకుంది. 'బాబాయ్... నాకింకా... నిద్ర రావట్లేదు'... అంది. లెగుదావనుకున్నాను. ఒళ్లు... నాది కాదు. మళ్లీ అంది. మళ్లీ అంది. వింటన్నాను... సెప్పలేను."

తర్వాత చాలాసేపటికి, "ఇంకా... వింటన్నాను," అన్నాడు.

పైడితల్లి ఆయన చెయ్యి పట్టుకోలేదు. మొదట వచ్చింది జాలి కాదు, కోపం. "ఏడాది! ఏడాది పాటు నాకెందుకు చెప్పలేదు?"

"మర్సిపొమ్మంటావని."

అది నిజం. పోయిన నెల చెప్పి ఉంటే, ఆ నిమిషానే సంతకం పెట్టించి, మర్చిపో అని ఉండేది. ముందు మందు ఎక్కిన నలుగురూ ఆ వరస మర్చిపోయారు. అది తెలిసినవాడు లోకంలో ఈయనొక్కడే. వేడెక్కితే అదీ ఉండదు. విజయనగరంలో ఆ తల్లి మటుకు తన పాలదే తప్పనుకుంటూ ఉంటుంది.

ఆవిడకి ఎదురుగా నిలబడి చెప్పాలని ఆయన కోరిక. విమానం ఎక్కనివ్వరు, అంత ఎత్తులో ఈ గుండె ఆగిపోతుంది. షిప్పులో వైజాగ్ వెళ్లి, తిరుగు షిప్పుకి వచ్చేసరికి ఇరవైనాలుగు రోజులు. పదిహేనులో ఇరవైనాలుగు ఇమడదు.

"నేను చెప్తాను," అంది పైడితల్లి. అన్నాక గానీ ఏమన్నదీ తనకి తెలియలేదు.

ఆయన కళ్ళు ఆమె మీదకి వచ్చి నిలిచాయి. "నాకూ... సెప్పాల."

"నీకెందుకు మావా? పోయింది పోనీ."

"అప్పలసామినాగ... నవ్వుకుంటా... బతకలేను."

"ఫోన్లో రికార్డు చేసుకో. నువ్వే వినొచ్చు."

"ఫోను... సెప్తే... నమ్మను. నువ్వు సెప్తే... నమ్ముతాను."

సంతకం పెట్టడానికి ఆయనకి ఇంకో అరగంట పట్టింది. ఆమె కాగితం కదలకుండా పట్టుకుని కూర్చుంది.

*

మర్నాడు సాయంత్రం ఇంట్లో అందరూ ఉండేలా చూసుకుంది. గున్నమ్మ, రోహిణి, ఎల్లాజీ తమ్ముడు పోలారావు. విషయం ఉన్నదున్నట్టు చెప్పింది.

మొదట గున్నమ్మే అంది. "అయితే నా కొడుకు ఆ పిల్లని సంపీసినాడని ఊరుకాని ఊరెళ్లి సెప్పొస్తావా? నీకు మొగుడే కదేటే ఆడు?"

"చంపాడని చెప్పను అత్తా. ఏం జరిగిందో చెప్తాను. ఆవిడ పాలు తక్కువై కూతురు చచ్చిపోలేదని చెప్తాను."

"కేసు పెడితేనో వదినా?" అన్నాడు పోలారావు.

"పెట్టనీ. శాలువా వెనక్కి అడిగితే ఇచ్చేద్దాం."

"ఆడు మర్సిపోతాడు కదా. ఆడికి సుకం, మనకి సుకం. ఎందుకు తవ్వుకోడం?" గున్నమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నీకు మటుకు సుకం వొద్దా?"

పైడితల్లికి కావాలి. ఎంత కావాలో ఆ గదిలో ఎవరికీ తెలీదు. పాత ఎల్లాజీ, వెచ్చటి చేతులు, అడిగిన వెంటనే వచ్చే జవాబు, ఏమీ గుర్తులేని నవ్వు. ఆమె చీర కుచ్చెళ్లు సర్దుకుంది.

"రేపు పొద్దున్న మావకి వేడి వైద్యం మొదలుపెడతారు. పోలారావూ, పక్కన నువ్వుండాలి. గురువారం షిప్పుకి నేను విజయనగరం వెళ్తున్నాను. వచ్చాక మావకి నేనే చెప్తాను. అంతదాకా ఎవరూ నోరెత్తకండి."

రోహిణి తల్లి ముఖంలోకి చూసింది.

"వచ్చినరోజే చెప్పేస్తావా అమ్మా?"

"లేదు," అంది పైడితల్లి. "ఒక్క వారం నవ్వనిస్తాను. ఎనిమిదోరోజు చెప్తాను."